సల్లటి అర్ర

"ఇయ్యాల వోకు బిడ్డా. నాకెందుకో మనసు మంచిగ లేదు," అంది జంగమ్మ.

ఏమీ కాలేదు. పొయ్యి మీద చాయ్ పొంగుకొస్తోంది. శామీర్‌పేట చెరువు మీంచి లేచిన మంచు కట్ట దాటి, కరీంనగర్ రోడ్డు కూడా దాటి, ఇంటి ముందు ఆరేసిన వల మీద వాలింది. మాధవీలత రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకుని జడ వేసుకుంటోంది.

"నీ మనసు ఎన్నడు మంచిగుందే అమ్మ?"

"మంచు గింత గనం పడ్తాంది. ఆ ఎల్లేష్ కంపెనీ బండి ఎట్ల తోల్తడో నాకు తెల్వదా? ముంగట లారీ కనవడకపోతే?"

"హారన్ కొడ్తడు."

"లారోడు ఇనకపోతే?"

"ఇనకపోతే దిగి చెప్తడు, జంగమ్మ బిడ్డ ఉన్నది బండ్ల, జర పక్కకు జరుగుమని."

వాకిట్లో వల పోగులు సరిచేస్తున్న తండ్రి వీరయ్య నవ్వాడు. జంగమ్మకు నవ్వు రాలేదు. చాయ్ గ్లాసు ఇస్తూ కూతురి వేళ్లు తాకి చూసింది. ఇప్పుడు వెచ్చగానే ఉన్నాయి. తెల్లారి ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. సాయంత్రం తుర్కపల్లి మందుల కంపెనీ నుంచి వచ్చేసరికి మంచుగడ్డల్లా ఉంటాయి, గోళ్ల కింద నీలం తేలి. చలికాలం కదా అనుకుందామంటే, బండిలో పక్కన కూచునే పిల్లల చేతులు అలా లేవు. ఒకరోజు పట్టుకుని చూసింది కూడా. ఆ పిల్లలు నవ్వుకున్నారు.

లారీ గురించి మాట్లాడింది కానీ జంగమ్మ భయం లారీ గురించి కాదు. దసరాకు ముందు నెలసరి అయిన పిల్లకు మళ్లీ కాలేదు. సంక్రాంతి దగ్గరికొస్తోంది. అడిగితే "అయితదిలే" అంటుంది. ఏ తల్లికైనా మొదట వచ్చే అనుమానం జంగమ్మకూ వచ్చింది. పిల్ల ముఖంలోకి చూసింది, సిగ్గుపడి చూపు తిప్పుకుంది. అది కాదని తెలిశాక తేలిక పడాల్సిన మనిషి ఇంకా బెదిరిపోయింది. కారణం తెలిసిన కష్టమైతే ఎవరినైనా తిట్టవచ్చు. తెలియని కష్టాన్ని ఏమని తిడతారు?

బయట హారన్ మోగింది. "పెద్దమ్మా, చాయ్ నాగ్గూడ ఉన్నదా?" అని ఎల్లేష్ కేక వేశాడు.

"నీకు చాయ్ పోస్తే ఒక్క చేత్తోని తోల్తవ్. ఏం లేదు, పో."

బండి మంచులోకి వెళ్లిపోయింది. ఎర్ర దీపాలు కనిపించినంతసేపు జంగమ్మ గడపలోనే నిలబడింది.

*

జంగమ్మ చేపలమ్మే చోటు కట్ట దిగువన, రోడ్డు పక్కన. వీరయ్య పొద్దున పట్టి తెచ్చినవి టబ్బులో పోసుకుని, కత్తిపీట ముందేసుకుని కూచుంటుంది. చెయ్యి జారకుండా బూడిద అద్దుకుంటుంది. ఆ రోజు గిరాకీ పెద్దగా లేదు. మిగిలిన జిలేబి చేపలు ఇంటికి తెచ్చుకుంది. కూతురు వచ్చేసరికి వాకిట్లో వాటి పొలుసు గీకుతోంది.

మాధవీలత కాళ్లు కడుక్కుని పక్కన ముక్కాలిపీట మీద కూచుంది. చేతులు చంకల్లో దాచుకుంది. జంగమ్మ చూసీ చూడనట్టు ఒక చేప కడుపు చీల్చింది. పసుపుపచ్చని గుడ్ల సంచి జారి పళ్లెంలో పడింది. జిలేబికి కాలంతో పని లేదు, ఎప్పుడు కోసినా కడుపుతోనే ఉంటుంది.

"మీ ఎలుకలకు గూడ గిట్లనే ఉంటదా?" అని అడిగింది.

మాధవీలత ముఖం వెలిగింది. పని గురించి ఎవరూ అడగరు దాన్ని. ఇంటర్ తర్వాత ఏడాది ల్యాబ్ కోర్సు చేసి, కాంట్రాక్టరు కింద ఎలుకల గదిలో చేరింది. బోనులు కడగడం, మేత వేయడం, బరువు తూచడం. ఏదో ఒకరోజు అక్కడ పరిశోధన చేసే మనోరమ మేడం తనను ప్రయోగాల బల్ల దగ్గరికి తీసుకుంటుందని ఆశ.

"గింత పెద్దగ కాదే. గర్భసంచికి రెండు దిక్కుల చిన్న చిన్న సంచులు. మనకూ అంతే, ఎలుకకూ అంతే. అండ్లనే గుడ్డు తయారయ్యేది. ఆ సంచులకు నరాలుంటయి."

"గుడ్ల సంచికి నరాలేందే?"

"ఉంటయి. ఆ నరాలు పెరగనీకె ఒంట్లనే ఒక పదార్థం ఊరుతది. నరాలకు అది మేత లెక్క. సరిపోను ఉంటే గుడ్డు పండి, టైముకు పగిలి బయటికొస్తది. తక్కువైతే గుడ్డు ఎదగదు. ఎక్కువైతే నరాలు గుబురెక్కి, గుడ్డు బయటికి రాకుంట ఆడనే ఉండిపోయి నీటి బుడగ అయితది. బుడగ మీద బుడగ. ఇగ ఆ ఎలుకకు పిల్లలు కావు." చేతులు చంకల్లోంచి తీసి గాలిలో బుడగలు చూపించింది. "మేడం దానికే మందు చూస్తాంది. ఆడోళ్లకు మస్తుమందికి ఉన్నదట గీ కష్టం."

"మరి ఎలుకలకు ఎట్ల ఎక్కువ చేస్తరు ఆ పదార్థాన్ని? సూది ఇస్తరా?"

"కొన్నింటికి సూది. మా దిక్కున్నయాటికి సూది లేదు. రోజూ కొంతసేపు సల్లటి అర్రల పెడ్తం, ఆ గదంత ఫ్రిజ్జు లెక్క ఉంటది. సలికి నరాలు బెదురుతయి. రోజూ బెదిరి బెదిరి అదే ఎక్కువ ఊరుతది."

జంగమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "బెదిరితే గూడ వస్తదా?"

"నరానికి సలి ఏంది, బెదురు ఏంది అమ్మ. రెండూ ఒక్కటే దానికి."

"నువ్వు గూడ పోతవా ఆ అర్రలకు?"

"ట్రేలు పెట్టి వస్త."

"పెట్టి వస్తవా, ఉంటవా?"

"పెట్టి వస్త అన్న గదా." మాధవీలత లేచి లోపలికి వెళ్లింది. గొంతులో ఇంతకు ముందున్న వెలుగు లేదు.

జంగమ్మ పళ్లెంలోని గుడ్ల సంచిని చూస్తూ కూచుంది. బెదిరితే వస్తుందట. పుట్టినప్పటినుంచి ఆ పిల్లను బెదిరిస్తూ పెంచింది ఎవరు? నీళ్ల దగ్గరికి వోకు, కుక్క కరుస్తది, రోడ్డు దాటకు, పెద్దోళ్లకు ఎదురు చెప్పకు. తన భయమే పాలలో కలిపి తాగించిందేమో. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

*

పేట్ బషీరాబాద్‌లో ఆడ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మాధవీలత మొదట ఒప్పుకోలేదు. సెలవు దొరకదంది. ఆదివారం చూస్తారని జంగమ్మ కనుక్కునే వచ్చింది. రెండు ఆటోలు మారి వెళ్లారు. లోపల జనం ఉన్నారు, అందరూ ఆడపిల్లలే. తల్లుల పక్కన, ఫోన్లు చూసుకుంటూ. ఇంతమందికా అని జంగమ్మకు కాసేపు ధైర్యం వచ్చింది. ఇంతమందికీ మందు లేకపోయిందా అని వెంటనే పోయింది.

స్కాన్ గదిలోకి తల్లిని కూడా రానిచ్చారు. తెర మీద బూడిద రంగు మబ్బు. అందులో నల్లని గుండ్రాలు, దండలో పూసల్లా పక్కపక్కన. డాక్టరు వేలితో చూపింది.

"ఇవిగో, నీటి బుడగల్లా కనిపిస్తున్నాయి చూశారా? పీసీఓడీ అంటాం. ఈ వయసు పిల్లల్లో చాలామందికి ఉంటుంది. భయపడే పని లేదు. టైముకు తిండి, నిద్ర, రోజూ నడక. మందు రాస్తాను, మూడు నెలలు చూద్దాం."

తర్వాత చెప్పినవేవీ జంగమ్మ చెవిలో పడలేదు. నీటి బుడగలు. అదే మాట. వాకిట్లో కూతురు గాలిలో చూపించిన బుడగలే తెర మీద ఉన్నాయి.

"సలికి వస్తదా డాక్టరమ్మా ఇది?"

డాక్టరు చేతులు తుడుచుకుంటూ నవ్వింది. "చలికి జలుబొస్తుందమ్మా. పాపకు టెన్షన్లు పెట్టకండి, అంతే. ఏం చేస్తావమ్మా నువ్వు?"

"ల్యాబ్‌ల పని," అంది మాధవీలత. పొట్ట మీద జిగురు తుడుచుకుంటూ తలెత్తలేదు. డాక్టరు మరేమీ అడగలేదు. తర్వాతి పిల్ల అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో గాలి కొట్టకుండా జంగమ్మ తన కొంగు కూతురి చుట్టూ కప్పింది.

"బిడ్డా. ఆ అర్రల నువ్వు ఎంతసేపుంటవ్?"

"జర్రసేపు."

"జర్రసేపంటే?"

మాధవీలత రోడ్డు వైపు తిరిగింది. కొంపల్లి దుకాణాల అద్దాలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. "బాపుతోని చెప్పకు," అంది. అడిగిన దానికి అది జవాబు కాదు.

*

జంగమ్మను అత్తగారు మంచిగా చూసుకున్న సందర్భాలు తక్కువ. కానీ మాధవీలత పుట్టినప్పుడు ఒక పని చేసింది. వాము వేయించి, కర్పూరం కలిపి, మెత్తని పాతచీర పేలికలో పోసి పట్టీలా కుట్టి నడుముకు కట్టింది. చలి దిగదు, గర్భసంచి గట్టిపడుతుంది అంది. ఆ వేడి జంగమ్మకు ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరు మందు వేళకు ఇస్తూనే, సోమవారం పొద్దున పెనం మీద వాము వేయించింది. ఇల్లంతా ఘాటెక్కింది. పేలిక మడిచి, కర్పూరం పొడి చల్లి, సూదీదారంతో కుట్టి, నిద్రకళ్లతో ఉన్న పిల్ల నడుముకు చుట్టబోయింది.

"అమ్మ, వద్దే. ఆడ వాసన పనికిరాదు."

"నడుముకే గదనే, ఎవలికి కనవడ్తది?"

"కనవడుడు కాదు. ఎలుకలకు వాసన తెలుస్తది. మాకు చేతులు కడిగే సబ్బుకు గూడ వాసనుండదు. నేను ఎన్నడన్న పూలు పెట్టుకొని పోయిననా చెప్పు?"

"బండ్ల పోయేదాక ఉంచుకో. ఆడ బట్టలు మార్చుకుంటరు గదా, అప్పుడు ఇప్పెయ్యి. నా పానం కొరకు."

నా పానం కొరకు అన్న మాట జంగమ్మ ఊరికే వాడదు. మాధవీలత చేతులు పైకెత్తి నిలబడింది. ముడి బిగిస్తుంటే పిల్ల కళ్లు మూసుకుంది. "మస్తు వెచ్చగున్నది," అంది మెల్లగా. ఆ మాటకు జంగమ్మకు వారం రోజుల్లో మొదటిసారి కడుపు నిండినట్టయింది.

మధ్యాహ్నం ఎండ కట్ట మీదికి రాకముందే ఎల్లేష్ బండి వచ్చి చేపల టబ్బు దగ్గర ఆగింది. హారన్ లేదు. మాధవీలత దిగింది. చేతిలో ఆ పట్టీ, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది.

"ఏమైందిరా?" జంగమ్మ ఎల్లేష్‌ను అడిగింది, కూతుర్ని అడిగే ధైర్యం చాలక.

"నాకేం తెల్సు పెద్దమ్మ. భాస్కర్ సార్ దింపిరమ్మన్నడు. మళ్ల తీస్కరావద్దన్నడు."

భాస్కర్ ఎలుకల గది సూపర్‌వైజర్. కాంట్రాక్టరు మనిషి. మాధవీలత టబ్బు పక్కన గట్టు మీద కూచుని జరిగింది చెప్పింది. ట్రేలు సల్లటి అర్రలో పెట్టిన కాసేపటికి ఎలుకలన్నీ ఒకే మూలకు తోసుకుని, ఒకదానిపై ఒకటి ఎక్కి గీపెట్టాయట. భాస్కర్ వచ్చాడు. తలుపు తీయగానే కర్పూరం వాసన కొట్టింది. అందరి ముందూ పైకోటు పక్కకు తీయించి, పట్టీ చూసి, గుడికి వచ్చినవా పనికి వచ్చినవా అన్నాడట.

"ఇప్పమంటిని గదా. ఎందుకు ఇప్పలే?"

మాధవీలత నీళ్లలో కొట్టుకుంటున్న చేపలను చూస్తోంది.

"మర్చినవా?"

"ఊఁ," అంది. అబద్ధం ఆడేటప్పుడు ఆ పిల్ల కింది పెదవి లోపలికి పోతుంది. ఇప్పుడూ పోయింది.

జంగమ్మ ఆలోచనలు పరుగెత్తాయి. ఎలుకలు చచ్చాయేమో. ఎలుకలకు కూడా పైన ఏదో కమిటీ ఉందట, కేసవుతుందట. పోలీసులు వస్తే? పిల్ల పేరు అన్ని కంపెనీల్లో పాకితే? ఇంత చేసింది తను. పిల్ల కాదు, తను. వీరయ్యకు చెబితే వల మడుస్తూ ఒకే మాట అన్నాడు. "కట్టింది నువ్వైతే పోయి నువ్వే చెప్పు. ఆ మేడం గూడ ఆడమనిషే గదా."

*

మరునాడు ఎల్లేష్ వాళ్లను కంపెనీ గేటు దాకా తీసుకొచ్చి, తను తెచ్చినట్టు చెప్పొద్దన్నాడు. వాచ్‌మన్ గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. జంగమ్మ కూచోలేదు. చేతులు రాత్రే నిమ్మకాయతో తోముకుంది, చేపల వాసన పోవాలని. అయినా కొంగులో దాచుకుంది.

"నువ్వు మాట్లాడకు. నేను దండం పెడ్త, తప్పయిందంట. అయిపోతది," అని కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. మాధవీలత తల ఊపింది.

మనోరమ మేడం వస్తుందనుకోలేదు. వచ్చింది. తెల్లకోటు లేదు, నలిగిన కాటన్ చీర, నిద్ర లేని కళ్లు. వెనక భాస్కర్, మెడలో కార్డు సర్దుకుంటూ.

జంగమ్మ చేతులు జోడించబోయింది. ఒక చెయ్యి కూతురి మణికట్టు మీదే ఉండిపోయి, దండం సగమే అయింది.

"తప్పు నాది మేడం. పిల్లది కాదు. నేనే కట్టిన, వాసన పనికిరాదని అన్నది, నేనే ఇనలే. మీ ఎలుకలకేమన్న అయితే నా మీద రాసుకోండ్రి."

"ఎలుకలకు ఏం కాలేదమ్మా," అంది మనోరమ. కోపంగా లేదు, అలసటగా ఉంది. "కానీ ఆ గుంపు మొత్తం ఇక పనికిరాదు. చలికి నరాలు పెరిగాయా, ఆ వాసనకు బెదిరి పెరిగాయా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మళ్లీ మొదటినుంచి చేయాలి." కళ్లద్దాలు తీసి చీర అంచుతో తుడిచింది. "మంచి పిల్ల. జాగ్రత్త గల పిల్ల. నాకు అర్థం కానిది అదే. అసలు అది ఎందుకు కట్టారమ్మా?"

"సలికి మేడం."

"ఏం చలి?"

"మీ సల్లటి అర్ర. ఇంటికొస్తే చేతులు మంచుగడ్డలే. గోళ్లు నీలంగుంటయి. స్కానింగ్ తీపిస్తే..." జంగమ్మ భాస్కర్‌ను చూసి గొంతు తగ్గించింది. "స్కానింగ్ తీపిస్తే నీటి బుడగలని చెప్పిన్రు మేడం. మీ ఎలుకల లెక్కనే. నెల కాక మస్తు దినాలైతాంది. దానికి సలే కారణమని నేనంటలేను, డాక్టరమ్మ కాదన్నది. నాకు సదువు లేదు. భయమైతది, కట్టిన."

మనోరమ తుడవడం ఆపింది.

"ఎలుకలో చూసింది మనిషిలో అట్లాగే జరుగుతుందని చెప్పలేం. అసలు తను లోపల ఉండదు కదా," అంది. జంగమ్మతో కాదు, భాస్కర్ వైపు తిరిగి. "ట్రేలు పెట్టి బయటికొచ్చేస్తుంది. లోపల కెమెరా ఉంది. బయట తెర మీద చూస్తారు."

"కెమెరా రిపేర్‌ల ఉన్నది మేడం," అన్నాడు భాస్కర్.

"ఎప్పటినుంచి?"

"చెప్పిన మేడం వాళ్లకు. పార్టు రావాలంటున్నరు."

"ఎప్పటినుంచి భాస్కర్?"

"దసరా అయినంక."

"మరి అవి లోపల ఉన్నంతసేపు ఎవరు చూస్తున్నారు? చలికి సొమ్మసిల్లి పడిపోయినవి వెంటనే బయటికి తీయాలి కదా. తీసినట్టు నాకు రోజూ చెబుతున్నారు కదా."

భాస్కర్ నవ్వబోయాడు. "మధ్యల మధ్యల ఈ పిల్ల పోయి చూసొస్తది మేడం. ఐదు నిమిషాలు. దానికే పెద్ద కథ చెప్తాన్రు. వీళ్ల ఇండ్లల్ల ఎట్లుంటదో తెల్సు గదా, జర సలి పెడితే గూడ దిష్టే, దయ్యమే." తర్వాత మాధవీలత వైపు చూశాడు. నవ్వు ముఖం మీదే ఉంది, కళ్లలో లేదు. "అంతే గదా మాధవి?"

మనోరమ కూడా ఆ పిల్ల వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. రోజూ లోపల ఎంతసేపు ఉంటున్నావు?"

మాధవీలత నేల చూస్తోంది. గేటు బయట కంపెనీ బండ్లు వరసగా వచ్చి ఆగుతున్నాయి. పిల్లలు దిగి కార్డులు చూపించి లోపలికి పోతున్నారు. ఒకరిద్దరు ఇటు చూసి చూపు తిప్పుకున్నారు.

జంగమ్మ వేళ్ల కింద కూతురి నాడి కొట్టుకుంటోంది. చేప పట్టినప్పుడు అరచేతిలో తెలిసే ప్రాణంలాగే. ఇంకా పొద్దున్నే కదా, ఆ మణికట్టు వెచ్చగా ఉంది. ఐదు నిమిషాలని చెప్పనీ అనుకుంది జంగమ్మ. చెప్పి బయటపడనీ. భాస్కర్ రేపు మళ్లీ రమ్మంటాడు, బండి మళ్లీ వస్తుంది. నిజం చెబితే తుర్కపల్లిలో ఏ కాంట్రాక్టరు తీసుకుంటాడు దీన్ని? ఈ మేడం నేడు అడుగుతుంది, రేపు తన ఎలుకల దగ్గరికి తను పోతుంది. బల్ల దగ్గరికి పోవాలన్న పిల్ల ఆశ ఈ గదిలోనే ముగుస్తుంది. అలాంటప్పుడు నోరు మూసుకొమ్మని చెప్పే గుర్తు జంగమ్మకు తెలుసు, కూతురికీ తెలుసు. మణికట్టు ఒకసారి నొక్కితే చాలు. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు నొక్కిందో.

పట్టీ ఎందుకు ఇప్పలేదో అప్పుడు అర్థమైంది జంగమ్మకు. పిల్ల మర్చిపోలేదు. చలికి ఓర్వలేక ఉంచుకుంది.

మేడం ఎదురుచూస్తోంది. భాస్కర్ గొంతు సవరించుకున్నాడు.

జంగమ్మ కూతురి మణికట్టు మీంచి ఒక్కొక్క వేలూ తీసింది. తీసి, ఆ చేతిని ఏం చేయాలో తెలియక కొంగులో చుట్టుకుని, కూతురి పక్కనుంచి అర అడుగు వెనక్కి జరిగి నిలబడింది.

మాధవీలత ఖాళీ అయిన తన మణికట్టు వంక చూసుకుంది. తర్వాత తలెత్తింది.

"ఎలుకలున్నంతసేపు మేడం," అంది. "నన్ను లోపలుంచి తలుపుకు బయటినుంచి గొళ్లెం పెడ్తరు."